ఆరు నెలలకు ఒక సూది: హైదరాబాద్ మందు ఎవరి దాకా చేరుతుంది?

ఏడాదికి 28,218 డాలర్లు. మన లెక్కలో సుమారు పాతిక లక్షల రూపాయలు. హెచ్‌ఐవీ సోకకుండా కాపాడే లెనాకపవిర్ అనే ఇంజెక్షన్‌కు అమెరికాలో పెట్టిన ధర ఇది. ఇదే మందును 2027 నుంచి ఏడాదికి 40 డాలర్లకు, అంటే దాదాపు మూడున్నర వేల రూపాయలకు ఇస్తామని 2025 సెప్టెంబర్ 24న రెండు కంపెనీలు ముందుకొచ్చాయి. ఒకటి డాక్టర్ రెడ్డీస్, రెండోది హెటెరో. రెండూ మన హైదరాబాద్‌వే.

ఇలాంటి వార్తలు మన దగ్గర మామూలుగా బిజినెస్ పేజీలోనే ఆగిపోతాయి. షేరు పెరిగిందా తగ్గిందా, అంతవరకే. ఇళ్లలోకి రావు. దానికి ఇంకో కారణం కూడా ఉంది. హెచ్‌ఐవీ అన్న మాట వినగానే టీవీ సౌండు తగ్గించే ఇళ్లు మనవి. పిల్లలున్నారు, అత్తగారు వింటున్నారు, ఛానల్ మార్చెయ్ అంటాం. కానీ ఈ మందు కథ మొదటి నుంచి చదివితే ఒక సంగతి అర్థమవుతుంది. దీని అవసరాన్ని ఇంతగా పెంచింది సరిగ్గా ఈ మౌనమే. ఇంట్లో నోరు విప్పి చెప్పుకోలేని ఆడవాళ్లకే ఇది అందరికంటే ఎక్కువ పనికొచ్చింది.

ఫ్రిజ్ మీద మందుల డబ్బా

ముందు నివారణ మందు అంటే ఏమిటో చెప్పుకుందాం. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు ఇచ్చే చికిత్స వేరు. ఇది హెచ్‌ఐవీ లేనివాళ్లు ముందుజాగ్రత్తగా తీసుకునేది. వైద్యులు దీన్ని ప్రెప్ అంటారు. మలేరియా ఎక్కువగా ఉన్న దేశానికి వెళ్లేవాళ్లు జ్వరం రాకముందే మాత్రలు వేసుకుంటారు కదా, అలాంటిదే.

ఈ ఆలోచన కొత్తది కాదు. 2012 జూలైలోనే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ట్రువాడా అనే మాత్రను నివారణకు అనుమతించింది. టెనోఫోవిర్, ఎమ్‌ట్రిసిటాబిన్ అనే రెండు మందులు కలిపిన మాత్ర అది. రోజుకొకటి వేసుకోవాలి. క్రమం తప్పకుండా వేసుకుంటే బాగా పనిచేస్తుంది. ఆ మాట మీదే అంతా ఆగిపోయింది: క్రమం తప్పకుండా వేసుకుంటే.

దక్షిణాఫ్రికా, ఉగాండా, జింబాబ్వేల్లో వాయిస్ పేరుతో ఒక పెద్ద పరీక్ష జరిగింది. 5,029 మంది మహిళలు పాల్గొన్నారు. 2013లో ఫలితాలు చెప్పినప్పుడు పరిశోధకులే తలలు పట్టుకున్నారు. మాత్రలు వేసుకుంటున్నారా అని అడిగితే పదిలో తొమ్మిది మంది అవునన్నారు. తిరిగి ఇచ్చిన డబ్బాల్లో మిగిలిన మాత్రలు లెక్కపెడితే అదీ సరిపోయింది. కానీ రక్తం పరీక్షిస్తే మందు ఆనవాళ్లు కనిపించింది మూడింట ఒక వంతు కంటే తక్కువ నమూనాల్లో. మాత్ర లోపలికి పోలేదు, ఎక్కడికో పోయింది. సింకులోకో, చెత్తబుట్టలోకో. దాంతో ఆ పరీక్షలో మాత్ర ఎవరినీ కాపాడలేకపోయింది. అంతకుముందు కెన్యా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లో జరిగిన మరో పరీక్షను కూడా ఇలాగే, ఫలితం రాదని తేలి, 2011లో మధ్యలోనే ఆపేశారు.

ఆ ఆడవాళ్లు ఎందుకలా చేశారు? చదువు లేక, తెలివి లేక అనుకుంటే పొరపాటు. మన ఇంటినే చూడండి. మందుల డబ్బా ఎక్కడ ఉంటుంది? ఫ్రిజ్ మీదో, అల్మారాలో చీరల పక్కనో. బీపీ మాత్ర, షుగర్ మాత్ర, పిల్లాడి సిరప్ అన్నీ ఒకే చోట. ఎవరు ఏ మాత్ర వేసుకుంటున్నారో ఇంట్లో అందరికీ తెలుసు. కొత్త స్ట్రిప్ కనిపిస్తే "ఇదేంటి, దేనికి?" అని అడిగేవాళ్లు కనీసం నలుగురు. ఇప్పుడు ఆ స్ట్రిప్ హెచ్‌ఐవీ మందుదైతే? నివారణకు వాడే మాత్రలోని మందులే చికిత్సలోనూ వాడతారు. కాబట్టి చూసినవాళ్లు మొదట అనుకునేది ఆమెకు జబ్బు ఉందనే. లేదు, ముందుజాగ్రత్త అని చెబితే అది ఇంకా కష్టం. భర్త అడిగే ప్రశ్న ఒకటే: నా మీద అనుమానమా, లేక నువ్వే...? ఆ వాక్యం పూర్తవకముందే ఇంట్లో యుద్ధం మొదలవుతుంది. కేప్‌టౌన్ బస్తీ అయినా, కంపాలా శివారు అయినా, మన పాతబస్తీ అయినా ఈ లెక్క పెద్దగా మారదు. పిల్ల పెళ్లికానిదైతే అసలు చెప్పనక్కర్లేదు.

అంటే మాత్ర ఓడిపోయింది రసాయనశాస్త్రంలో కాదు. వంటింట్లో ఓడిపోయింది.

సున్నా

అందుకే చాలాకాలం శరీరంలో నిలిచే ఇంజెక్షన్ల వైపు దృష్టి మళ్లింది. మొదట వచ్చింది కాబోటెగ్రవిర్. రెండు నెలలకోసారి పిరుదు కండరానికి వేస్తారు. ఆఫ్రికా మహిళల్లో జరిగిన పరీక్షలో రోజూ మాత్ర ఇచ్చిన వాళ్లతో పోలిస్తే ఇది ఇన్‌ఫెక్షన్లను దాదాపు 89 శాతం తగ్గించింది. 2021 డిసెంబర్‌లో అమెరికా అనుమతి వచ్చింది. మరుసటి ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది. అయితే ఏడాదికి ఆరుసార్లు దవాఖానకు రావాలి. కూలి వదులుకుని, ఆటో డబ్బులు పెట్టుకుని, ఎక్కడికి వెళ్తున్నావన్న ప్రశ్నకు ఆరుసార్లు జవాబు చెప్పుకుని.

లెనాకపవిర్ ఆ ఆరును రెండు చేసింది. గిలియడ్ అనే అమెరికా కంపెనీ తయారు చేసిన మందు ఇది. దీని పని తీరు కొంచెం వేరుగా ఉంటుంది. హెచ్‌ఐవీ వైరస్‌లో జన్యుపదార్థం చుట్టూ ఒక పెంకు ఉంటుంది. ఆకారం బండి మీద పల్లీలు పోసి ఇచ్చే కాగితం పొట్లంలా, ఒకవైపు సన్నగా, ఒకవైపు వెడల్పుగా ఉంటుంది. వందలాది ప్రొటీన్ ముక్కలు ఒకదానికొకటి అతుక్కుని ఆ పొట్లం తయారవుతుంది. లెనాకపవిర్ వెళ్లి ఆ అతుకుల మధ్యన కూర్చుంటుంది. దాంతో పొట్లం కణం కేంద్రకంలోకి సరిగ్గా చేరదు. ఒకవేళ చేరినా కొత్త వైరస్‌లకు సరైన పొట్లం తయారుకాదు. ఒకే మందు రెండు మూడు చోట్ల అడ్డం పడుతుంది. పైగా నీటిలో చాలా నెమ్మదిగా కరుగుతుంది. పొట్ట దగ్గర చర్మం కింద వేస్తే అక్కడే చిన్న గుళికలా ఉండిపోయి ఆరు నెలల పాటు కొద్దికొద్దిగా రక్తంలోకి వస్తుంది.

పర్పస్ 1 అనే పరీక్ష దక్షిణాఫ్రికా, ఉగాండాల్లో జరిగింది. 16 నుంచి 25 ఏళ్ల అమ్మాయిలు, యువతులు 5,338 మంది. నడిపించింది కేప్‌టౌన్ విశ్వవిద్యాలయానికి చెందిన ప్రొఫెసర్ లిండా గెయిల్ బెకర్. ఒక గుంపుకు ట్రువాడా మాత్ర, ఇంకో గుంపుకు డెస్కోవీ అనే కొత్తరకం మాత్ర, మూడో గుంపుకు ఆరు నెలలకోసారి లెనాకపవిర్. 2024 జూన్‌లో స్వతంత్ర పరిశీలన కమిటీ లెక్కలు చూసి, ఇక ఆగక్కర్లేదు, అందరికీ ఇంజెక్షన్ ఇవ్వండి అని చెప్పింది. ఎందుకంటే ట్రువాడా గుంపులో 1,068 మందిలో 16 మందికి, డెస్కోవీ గుంపులో 2,136 మందిలో 39 మందికి హెచ్‌ఐవీ సోకింది. లెనాకపవిర్ తీసుకున్న 2,134 మందిలో ఎంతమందికి? సున్నా.

మరో మాట గమనించాలి. మాత్రల గుంపుల్లో సోకిన రేటు, అసలు ఏ మందూ తీసుకోని వాళ్లలో ఉండే రేటుకు పెద్ద తేడా లేదు. పదేళ్ల కిందట వాయిస్ పరీక్షలో జరిగిందే మళ్లీ జరిగింది. ఈసారి కూడా రక్తపరీక్షల్లో చాలామంది మాత్రలు వేసుకోవడం లేదని తేలింది. మధ్యలో గర్భం దాల్చినవాళ్లను కూడా ఈ పరీక్ష నుంచి పంపించలేదు. వాళ్లు ఒప్పుకుంటే కొనసాగించారు. గర్భిణులను పరీక్షల నుంచి తప్పించి, ఆ తర్వాత "వీళ్ల మీద సమాచారం లేదు" అని మందు ఇవ్వకపోవడం చాలాకాలంగా ఉన్న దురలవాటు. ఇక్కడ అది తప్పింది.

తర్వాత పర్పస్ 2లో, ఎక్కువగా మగవాళ్లతో, అమెరికా, బ్రెజిల్, పెరూ, థాయిలాండ్ వంటి ఏడు దేశాల్లో చూస్తే 2,179 మందిలో ఇద్దరికే సోకింది. 2025 జూన్ 18న అమెరికా అనుమతి వచ్చింది. జూలైలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది.

ఇది టీకా కాదని కూడా చెప్పుకోవాలి. టీకా మన శరీరానికి పోరాటం నేర్పుతుంది. ఇది మందు ఉన్నంతకాలమే కాపలా. మొదటి రెండు రోజులు మాత్రలు కూడా వేసుకోవాలి. మొదలుపెట్టే ముందు హెచ్‌ఐవీ లేదని పరీక్షలో తేలాలి. ఇంజెక్షన్ వేసిన చోట గడ్డలా తగలడం మామూలే, మెల్లగా తగ్గుతుంది. క్షయకు ఇచ్చే రిఫాంపిసిన్ దీని బలాన్ని తగ్గించేస్తుంది. టీబీ ఎక్కువగా ఉన్న మన దేశంలో ఇది చిన్న విషయం కాదు, డాక్టర్‌కు తప్పకుండా చెప్పాలి. గర్భం రాకుండా గానీ, ఇతర సుఖవ్యాధుల నుంచి గానీ ఇది కాపాడదు. అన్నిటికంటే ముఖ్యంగా, మధ్యలో మానేస్తే మందు కొంచెం కొంచెంగా ఏడాదికి పైగా ఒంట్లో మిగిలి ఉంటుంది. ఆ తక్కువ మోతాదు కాలంలో వైరస్ సోకితే అది మందుకు లొంగని రకంగా మారే ప్రమాదం ఉంది.

25 లక్షలు, మూడున్నర వేలు

ఒకే మందుకు ఇంత తేడా ఎలా సాధ్యం? తయారీ ఖర్చులో ఈ తేడా లేదు. పేటెంట్‌లో ఉంది. మందు కనిపెట్టిన కంపెనీకి కొన్నేళ్ల పాటు ఇంకెవరూ తయారు చేయకూడదనే హక్కు ఉంటుంది. ఆ హక్కు ఉన్నంతకాలం ధర తను చెప్పిందే.

ఈ సినిమా మనం ఒకసారి చూశాం. హెచ్‌ఐవీకి మూడు మందుల చికిత్స 1996లోనే వచ్చింది. అమెరికా, ఐరోపాల్లో మరణాలు పడిపోయాయి. ఆఫ్రికాలో మాత్రం జనం చనిపోతూనే ఉన్నారు, ఎందుకంటే ఏడాదికి పది, పదిహేను వేల డాలర్లు కట్టగలిగేవాళ్లు అక్కడ లేరు. 2001 ఫిబ్రవరిలో ముంబైకి చెందిన సిప్లా అధిపతి యూసుఫ్ హమీద్, ఆ మూడు మందులను వైద్య సేవా సంస్థ మెడిసిన్స్ సాన్స్ ఫ్రాంటియర్స్‌కు ఏడాదికి 350 డాలర్లకు ఇస్తానన్నాడు. రోజుకు ఒక డాలర్ కంటే తక్కువ. పెద్ద కంపెనీలు మొదట దొంగసరుకు అన్నాయి, తర్వాత తమ ధరలు దించుకున్నాయి. సిప్లాను 1935లో స్థాపించింది ఆయన తండ్రి ఖ్వాజా అబ్దుల్ హమీద్. అలీగఢ్‌లో పుట్టి, బెర్లిన్‌లో రసాయనశాస్త్రం చదివి వచ్చిన మనిషి. మన పిల్లలకు క్రికెటర్ల పేర్లు నోటికి వస్తాయి, ఈ తండ్రీకొడుకుల పేర్లు మాత్రం తెలియవు. సరే, ఆ బాధ ఇంకోసారి.

సిప్లా ఆ పని చేయగలిగిందంటే, అప్పట్లో మన చట్టం మందుకు కాక, దాన్ని తయారు చేసే పద్ధతికే పేటెంట్ ఇచ్చేది. 2005లో అది మారింది. ప్రపంచ వాణిజ్య ఒప్పందం ప్రకారం మందుకే పేటెంట్ ఇవ్వాల్సి వచ్చింది. కాబట్టి ఈసారి దారి వేరు. గిలియడ్ తానే 2024 అక్టోబర్‌లో ఆరు కంపెనీలకు రాయల్టీ లేకుండా లైసెన్సు ఇచ్చింది. డాక్టర్ రెడ్డీస్, హెటెరో, ఎమ్‌క్యూర్, మైలాన్, ఈజిప్టు కంపెనీ ఈవా ఫార్మా, పాకిస్తాన్ కంపెనీ ఫిరోజ్‌సన్స్. 120 దేశాలకు ఇవి అమ్ముకోవచ్చు. ఇండియా ఆ జాబితాలో ఉంది.

మంచిదే. కానీ జాబితాలో లేనివాళ్లను కూడా చూడాలి. బ్రెజిల్, అర్జెంటీనా, మెక్సికో, పెరూ. పర్పస్ 2 పరీక్ష జరిగిన దేశాలివి. ఈ మందు పనిచేస్తుందో లేదో తేల్చడానికి అక్కడి జనం తమ ఒళ్లు అప్పగించారు. తేలాక, చవక మందు మీకు కాదు అన్నారు. ఆదాయం కొంచెం ఎక్కువ ఉన్న దేశాలు కదా, కొనుక్కోగలరు అన్నది కంపెనీ వాదన. ఆ దేశాల సర్కారు దవాఖానల ముందు క్యూలో నిలబడే మనిషి ఆదాయం వేరే లెక్క.

2025 సెప్టెంబర్ ఒప్పందాల్లో డాక్టర్ రెడ్డీస్ వైపు క్లింటన్ హెల్త్ యాక్సెస్ ఇనిషియేటివ్, యూనిటెయిడ్, దక్షిణాఫ్రికాలోని విట్స్ ఆర్‌హెచ్‌ఐ ఉన్నాయి. హెటెరో వెనక గేట్స్ ఫౌండేషన్ ఉంది. 40 డాలర్లంటే ఏడాదికి వేసే రెండు ఇంజెక్షన్ల ధర. మొదట్లో వేసుకునే మాత్రలకు ఇంకో 17 డాలర్ల దాకా వేరుగా అవుతుంది. కాబోటెగ్రవిర్‌కు కూడా ఇలాగే లైసెన్సు పొందిన వాటిలో హైదరాబాద్ కంపెనీ అరబిందో ఉంది. అంటే పేద దేశాలకు వెళ్లబోయే ఈ రెండు రకాల సూదుల్లోనూ మన ఊరి చెయ్యి ఉంది. బాచుపల్లి, జీడిమెట్ల, జడ్చర్ల వైపు షిఫ్టులకు వెళ్లే పిల్లలు ప్రతి బస్తీలోనూ ఉన్నారు. పటాన్‌చెరు చుట్టుపక్కల నీళ్లు ఈ పరిశ్రమకు కట్టిన మూల్యం ఇంకో కథ, దాన్నీ మర్చిపోకూడదు.

మధ్యలో రెండేళ్లు

చవక మందు 2027లో వస్తుంది. అప్పటిదాకా ఏమిటి? 2024లో ప్రపంచంలో కొత్తగా హెచ్‌ఐవీ సోకినవాళ్లు సుమారు 13 లక్షలు. ఏ నెలకానెల లెక్క అది, 2027 దాకా ఆగదు.

ఈ మధ్యకాలానికి గ్లోబల్ ఫండ్, అమెరికా సర్కారు ఎయిడ్స్ కార్యక్రమం పెప్‌ఫార్ కలిసి మూడేళ్లలో 20 లక్షల మందికి గిలియడ్ నుంచే మందు కొని ఇస్తామన్నాయి. లాభం లేకుండా ఇస్తున్నామని గిలియడ్ చెప్పింది, ధర మాత్రం బయటపెట్టలేదు. ప్రజల డబ్బుతో కొనే మందు ధర రహస్యం ఎందుకో నాకు ఎంత ఆలోచించినా అర్థం కాలేదు.

ఈలోగా 2025 జనవరిలో ట్రంప్ సర్కారు విదేశీ సాయం ఆపేసింది. 2003లో బుష్ మొదలుపెట్టిన పెప్‌ఫార్ ఒక్కసారిగా ఊగిపోయింది. కొంత మినహాయింపు ఇచ్చినా, నివారణ మందు విషయంలో గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు మాత్రమే అన్నారు. క్లినిక్‌లు మూతపడ్డాయి, నర్సులు, ఆరోగ్య కార్యకర్తలు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. ఈ నిధులు శాశ్వతంగా పోతే 2029 నాటికి అదనంగా 60 లక్షల కొత్త ఇన్‌ఫెక్షన్లు, 40 లక్షల మరణాలు ఉంటాయని ఐక్యరాజ్య సమితి ఎయిడ్స్ విభాగం అంచనా వేసింది. ఇంజెక్షన్ ఉన్నా దాన్ని వేసే మనిషి, పరీక్ష చేసే కిట్, ఆరు నెలల తర్వాత ఫోన్ చేసి "అమ్మా, తారీఖు వచ్చింది" అని చెప్పే గొంతు, ఇవన్నీ కావాలి. వాటికి 40 డాలర్ల ఒప్పందంలో చోటు లేదు.

తల్లులకు ముందు ఇవ్వడం తప్పా అంటే కాదు. బిడ్డకు సోకకుండా ఆపడం గొప్ప పనే. కానీ పర్పస్ 1లో ఉన్న 16 ఏళ్ల పిల్ల తల్లి అయ్యేదాకా ఆగాలనడం ఏం న్యాయం?

మన ఇంటి సంగతి

మన దేశంలో హెచ్‌ఐవీతో జీవిస్తున్నవాళ్లు సుమారు 25 లక్షల మంది. సంఖ్యలో మహారాష్ట్ర మొదటిదైతే ఆంధ్రప్రదేశ్ రెండోది. తెలంగాణలోనూ ఈ రేటు దేశ సగటు 0.2 శాతం కంటే ఎక్కువే. 2004 నుంచి సర్కారు దవాఖానల్లో చికిత్స ఉచితంగా దొరుకుతోంది. ఆ మాత్రలు వేసుకుంటూ వైరస్ అదుపులో ఉన్న మనిషి నుంచి జీవిత భాగస్వామికి సోకదన్న సంగతి కూడా ఇప్పుడు స్థిరపడింది. అయినా భయం అలాగే ఉంది.

ఇక్కడ మన పెద్దలు ఒక మాట అంటారు, దాన్ని పక్కన పెట్టి దాటిపోవడం సరికాదు. ఇలాంటి మందులు వస్తే విచ్చలవిడితనం పెరగదా? పద్ధతిగా ఉండేవాళ్లకు దీని అవసరం ఏముంది? ఇంట్లో పిల్లలను పెంచుతున్న ఎవరికైనా వచ్చే అనుమానమే ఇది. కానీ ఒక లెక్క వేసుకుందాం. మన దేశంలో హెచ్‌ఐవీ ఉన్న ఆడవాళ్లలో చాలామందికి అది సొంత భర్త నుంచే వచ్చింది. ఆమె పద్ధతిగానే ఉంది. నిఖా అయిన రోజు నుంచి గడప దాటలేదు. ఆమె పద్ధతి ఆమెను కాపాడలేదు, ఎందుకంటే కాపాడాల్సిన పద్ధతి ఇద్దరిది. పాకిస్తాన్‌లోని సింధ్‌లో రతోదేరో అనే ఊళ్లో 2019లో వందల మంది పసిపిల్లలకు హెచ్‌ఐవీ బయటపడింది, వాడిన సిరంజీలే మళ్లీ వాడడం వల్ల. ఆ పిల్లలు చేసిన తప్పేమిటి?

గల్ఫ్ సంగతి మన ఇళ్లకు ఇంకా దగ్గర. సౌదీకో, కువైట్‌కో వెళ్లే అబ్బాయికి వీసా మెడికల్‌లో హెచ్‌ఐవీ పరీక్ష తప్పదు. పాజిటివ్ వస్తే అన్‌ఫిట్. అక్కడ ఉండగా ఇఖామా రెన్యువల్‌లో తేలితే వెనక్కి పంపించేస్తారు. అంటే సర్టిఫికెట్ కోసం, ఉద్యోగం కోసం మగవాళ్లు ఈ పరీక్షకు బేఫికర్‌గా చెయ్యి చాపుతారు. అదే మనిషి రెండేళ్ల తర్వాత సెలవు మీద ఇంటికి వచ్చినప్పుడు భార్య "ఒకసారి టెస్ట్ చేయించుకుందామా" అంటే? ఇజ్జత్ పోయినట్టే. కంపెనీ అడిగితే రూలు, భార్య అడిగితే అనుమానం. సౌదీలో అయితే 2008 నుంచి పెళ్లికి ముందు వధూవరులిద్దరికీ హెచ్‌ఐవీ పరీక్ష చేస్తున్నారు, అక్కడ ఎవరూ దాన్ని బేఇజ్జతీ అనుకోవడం లేదు. మన దగ్గర సంబంధం కుదిరేటప్పుడు జహేజ్ లెక్కలు పేపర్ మీద రాసుకుంటాం గానీ ఈ మాట ఎత్తడానికి ఇద్దరు మామూలు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు.

పరీక్షను బలవంతం చేయమని నేను అనడం లేదు. చట్టం కూడా ఒప్పుకోదు. 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం మనిషి ఒప్పుకోకుండా పరీక్ష చేయకూడదు, ఫలితం బయటపెట్టకూడదు, ఆ కారణంతో ఉద్యోగం నుంచి తీసేయడం, బడిలో సీటు ఇవ్వకపోవడం, అద్దె ఇల్లు ఖాళీ చేయించడం నిషిద్ధం. ఈ చట్టం సంగతి తెలిసినవాళ్లు ఎంతమంది? సర్కారు దవాఖానల్లోని ఐసీటీసీ కేంద్రాల్లో పరీక్ష ఉచితం, పేరు గోప్యంగా ఉంచుతారు. 1097 నంబర్‌కు ఫోన్ చేస్తే డబ్బు పడదు, పేరు చెప్పక్కర్లేదు.

మూడున్నర వేల రూపాయల ధర మన దవాఖానల్లోనూ ఈ ఇంజెక్షన్ కనిపించేలా చేస్తుందా? చేయొచ్చు, చేయకపోవచ్చు. అది సర్కారు కొంటుందా, ఎవరికి ఇస్తుంది అన్నదాని మీద ఉంటుంది. ఇప్పటిదాకా మన నివారణ కార్యక్రమాలు ఎక్కువగా సెక్స్ వర్కర్లు, లారీ డ్రైవర్లు, వలస కూలీలు, సూదిమందు మత్తుకు అలవాటుపడినవాళ్లు వంటి గుంపుల చుట్టూ తిరిగాయి. వాళ్లకు ముందు అవసరమే, కాదనలేం. కానీ దుబాయ్ డ్రైవర్ భార్య ఏ గుంపులోకి వస్తుంది? ఆమెకు ఏ జాబితాలోనూ కాలమ్ లేదు. పైగా అలాంటి గుంపు పేరు మీద మందు ఇస్తే, తీసుకోవడమే ఒక ముద్ర అవుతుంది. సూది ఒంట్లో కనిపించకపోయినా క్యూలో మనిషి కనిపిస్తుంది. గర్భిణుల చెకప్, పిల్లల టీకాలు, బీపీ షుగర్ చూసే బస్తీ దవాఖానలోనే ఇది కూడా దొరికితే ఎవరు ఎందుకు వచ్చారో పక్కవాళ్లకు తెలియదు. ఇంజెక్షన్ అసలు బలం ఆ తెలియకపోవడంలోనే ఉందని ఆఫ్రికా పిల్లలు నిరూపించారు కదా.

2025 నవంబర్‌లో మొదటి డోసులు ఎస్వాటినీ, జాంబియాలకు చేరాయి. ఎయిడ్స్ దినమైన డిసెంబర్ 1న ఆ రెండు దేశాల్లో, దక్షిణాఫ్రికాలో ఇంజెక్షన్లు వేయడం మొదలుపెట్టారు. చాలా తక్కువ మందికి. ఇరవై ఆరు వారాలు లెక్కేస్తే ఆ మొదటి రోజు తీసుకున్నవాళ్ల రెండో తారీఖు 2026 జూన్ 1. రెండు వారాలు అటూ ఇటూ అయినా ఫర్వాలేదు, అంతకు మించి ఆలస్యం కాకూడదు. పరీక్షలో ఫోన్ చేసి పిలిచే సిబ్బంది ఉన్నారు, దారి ఖర్చులు ఇచ్చారు. ఈసారి సగం మూతపడిన క్లినిక్‌లకు వాళ్లు వాళ్లంతట వాళ్లే రావాలి.